ప్రైమరీ పోలింగ్ శాతాలు: ఎవరిలో ఎంత?

అమెరికా ప్రైమరీల (నవంబరు ఎన్నికలకు పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ముందస్తు ఓటింగ్) రాత్రి టీవీ తెర మీద రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. ఎంతమంది ఓటేశారన్నది ఒకటి. ఓటేసినవాళ్లు ఎవరన్నది రెండోది. మొదటిది ఓట్ల లెక్కింపు నుంచి వస్తుంది, రెండోది సర్వే నుంచి. వ్యాఖ్యాతలు ఈ రెండిటినీ ఒకే వాక్యంలో కలిపేస్తారు. తప్పులు ఎక్కువగా అక్కడే పుడతాయి. వార్త రాస్తున్నా, విశ్లేషణ చదువుతున్నా ప్రతి శాతం దగ్గరా ఆగి వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎవరిలో శాతం?

తెలుగులో ఈ ప్రశ్న మరీ అవసరం. "యువ ఓటు 13 శాతం" అని శీర్షిక పెడితే అది రెండు రకాలుగా చదువుకోవచ్చు. ఓటేసినవాళ్లలో 13 శాతం యువత అన్నది ఒక అర్థం. యువతలో 13 శాతమే ఓటేశారన్నది ఇంకో అర్థం. ఎగ్జిట్ పోల్ చెప్పగలిగేది మొదటిదే. రెండోది కావాలంటే ఆ రాష్ట్రంలో ఓటు హక్కున్న యువత ఎంతమందో తెలియాలి, అది ఎగ్జిట్ పోల్ పట్టికలో ఉండదు. కాబట్టి "ఓటేసినవాళ్లలో" లేదా "ఓటు హక్కున్నవాళ్లలో" అన్న మాట ప్రతి శాతానికీ ముందు రాయండి. వాక్యం కాస్త పొడవైనా ఫరవాలేదు.

కింద ఏ సంఖ్య పెట్టాలి

పోలింగ్ శాతం లెక్కకు అమెరికాలో కనీసం మూడు హారాలు వాడుకలో ఉన్నాయి: 18 ఏళ్లు నిండిన జనాభా, ఓటు హక్కున్న జనాభా, నమోదైన ఓటర్లు. మొదటిదాంట్లో పౌరసత్వం లేనివాళ్లు, శిక్ష వల్ల ఓటు హక్కు కోల్పోయినవాళ్లు కూడా కలుస్తారు. అందుకే కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి చోట్ల ఆ లెక్కన శాతం అన్యాయంగా తక్కువ కనిపిస్తుంది. నమోదైన ఓటర్లను హారంగా పెడితే జాబితాల ప్రక్షాళన ఎంత చురుగ్గా జరిగిందన్నదాన్ని బట్టి శాతం మారిపోతుంది. రాష్ట్రాల మధ్య, సంవత్సరాల మధ్య పోలికకు ఓటు హక్కున్న జనాభాయే మేలు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైకేల్ మెక్‌డొనాల్డ్ ఈ లెక్కలను ఏళ్లుగా ప్రచురిస్తున్నారు.

ఆ కొలమానం మీద చూస్తే ప్రైమరీల స్థాయి ఏమిటో తెలుస్తుంది. సర్వేలు, అధ్యయనాలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క ప్రకారం 2016లో రెండు పార్టీల ప్రైమరీల్లోనూ కలిపి ఓటేసినవాళ్లు, ఓటు హక్కున్నవాళ్లలో 28.5 శాతం. ఒబామా, హిల్లరీ క్లింటన్ హోరాహోరీగా పోటీపడిన 2008లో అది 30.4 శాతం. బాగా కదిలిన ఏళ్లలోనే పదిమందిలో ఏడుగురు రాలేదన్నమాట. కాబట్టి "ప్రైమరీ ఓటర్లు" అన్నచోట "అమెరికన్లు" అని రాయకండి.

ముందు నిబంధన, తర్వాత అంకె

అంకె ముట్టుకునే ముందు ఆ రాష్ట్రంలో ఎవరు ఓటేయవచ్చో చూసుకోవాలి. న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి క్లోజ్డ్ ప్రైమరీల్లో ఆ పార్టీ ఓటరుగా నమోదైనవాళ్లకే అవకాశం. వర్జీనియా, సౌత్ కరోలినా, టెక్సస్, మిషిగన్‌లలో అసలు పార్టీవారీ నమోదే లేదు. ఎవరైనా ఏదో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకోవచ్చు. న్యూ హాంప్‌షైర్‌లో ఏ పార్టీ పేరూ రాయించుకోని ఓటరు పోలింగ్ రోజున ఒక పార్టీ బ్యాలెట్ అడిగి, ఓటేశాక అక్కడే ఫారం నింపి మళ్లీ పాత స్థితికి వెళ్లిపోవచ్చు. అలాంటి ఓటరు ఎగ్జిట్ పోల్‌లో తనను "రిపబ్లికన్" అని చెప్పుకోవచ్చు, "ఇండిపెండెంట్" అనీ చెప్పుకోవచ్చు. రిజిస్టర్‌లో ఉన్న స్థితి వేరు, సర్వేలో చెప్పుకున్న గుర్తింపు వేరు. "ఇండిపెండెంట్లు 40 శాతం" అని రాసేటప్పుడు ఈ రెండిట్లో ఏదో తేల్చుకోండి.

రెండో ప్రశ్న: అవతలి పార్టీలో ఆ రోజు పోటీ ఉందా? సౌత్ కరోలినానే తీసుకుందాం, ఎందుకంటే ఇందులో పాఠాలన్నీ ఒకేచోట దొరుకుతాయి. అక్కడి డెమోక్రాటిక్ ప్రైమరీలో 2008లో సుమారు 5.32 లక్షలు, 2016లో 3.71 లక్షలు, 2020లో 5.4 లక్షల ఓట్లు పడ్డాయి. 2020 రాత్రి "రికార్డు" అన్న మాట గట్టిగానే వినిపించింది. ఓట్ల సంఖ్యలో రికార్డే. కానీ ఆ పన్నెండేళ్లలో రాష్ట్ర జనాభా 10 శాతానికి పైగా పెరిగింది, ఓట్లు పెరిగింది 2 శాతం లోపే. శాతంలో చూస్తే 2008దే పైచేయి. ఇంకొకటి: 2020లో రిపబ్లికన్లు అక్కడ తమ ప్రైమరీని రద్దు చేసుకున్నారు. పార్టీ నమోదు లేదు, రెండో పోటీ లేదు. ఆ రోజు ఓటేయాలనుకున్న ఎవరికైనా ఉన్నది ఒకే బ్యాలెట్.

ఇప్పుడు కూర్పు చూడండి. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం ఆ డెమోక్రాటిక్ ఓటర్లలో నల్లజాతీయుల వాటా 2016లో 61 శాతం, 2020లో 56 శాతం దగ్గర. దీన్ని చూసి "నల్లజాతి ఓటు తగ్గింది" అని రాయడం ఎంత సులువో! కాగితం మీద గుణించండి. 3.71 లక్షల్లో 61 శాతం అంటే 2.26 లక్షలు. 5.4 లక్షల్లో 56 శాతం అంటే 3.02 లక్షలు. వాటా తగ్గింది, మనుషులు దాదాపు 76 వేలు పెరిగారు. మిగతావాళ్లు అంతకంటే వేగంగా పెరిగారు, అంతే. వాటా పెరిగినా తగ్గినా మొత్తంతో గుణించకుండా "ఉత్సాహం", "నిరాసక్తత" లాంటి మాటలు రాయకూడదు. ఈ గుణకారానికి అర నిమిషం పడుతుంది. దీన్ని మానేయడం వల్ల ఒక సమాజం మీద పడే నింద మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

మూడోది, పద్ధతి మారిందా? మిన్నెసోటాలో 2016లో కాకస్‌కు (పార్టీ మద్దతుదారులు సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) వచ్చిన డెమోక్రాట్లు 2 లక్షల పైచిలుకు. 2020లో ప్రైమరీ పెడితే 7.44 లక్షల ఓట్లు పడ్డాయి. కాకస్ అంటే నిర్ణీత వేళకు వెళ్లి గంటలకొద్దీ కూర్చోవాలి. షిఫ్టు డ్యూటీ ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, నడవలేని వృద్ధులు రాలేరు. అందుకే సంఖ్యే కాదు, ఫలితమూ మారుతుంది. 2016లో వాషింగ్టన్ రాష్ట్ర డెమోక్రాటిక్ కాకస్‌లో సుమారు 2.3 లక్షల మంది పాల్గొంటే క్లింటన్ ప్రత్యర్థి బెర్నీ శాండర్స్‌కు 73 శాతం దాకా వచ్చింది. రెండు నెలల తర్వాత డెలిగేట్లతో (అభ్యర్థిని లాంఛనంగా ఎన్నుకునే పార్టీ ప్రతినిధులు) సంబంధం లేని ప్రైమరీలో 8 లక్షల మంది ఓటేస్తే క్లింటన్ 52 శాతంతో గెలిచారు. అదే రాష్ట్రం, అదే ఏడాది, అదే అభ్యర్థులు. కాకస్ ఏడాదినీ ప్రైమరీ ఏడాదినీ పక్కపక్కన పెట్టి గ్రాఫ్ గీయకండి.

ఎగ్జిట్ పోల్ పట్టిక చదవడం

2024 ఎన్నికల్లో ఏబీసీ, సీబీఎస్, సీఎన్ఎన్, ఎన్‌బీసీ టీవీ సంస్థల కూటమి కోసం ఎడిసన్ రీసెర్చ్ ఎగ్జిట్ పోల్స్ చేసింది. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ 2016 ఎన్నికల తర్వాత ఆ కూటమి నుంచి తప్పుకుని, షికాగో విశ్వవిద్యాలయంలోని ఎన్‌వోఆర్‌సీ అనే పరిశోధన సంస్థతో కలిసి 2018లో వోట్‌కాస్ట్ అనే సొంత ఓటరు సర్వే మొదలుపెట్టింది. రెండిటి నమూనా పద్ధతులు, ప్రశ్నల పదాలు వేరు. ఒకదాంట్లోని 2016 అంకెను ఇంకోదాంట్లోని 2024 అంకెతో పోల్చకండి.

ఎగ్జిట్ పోల్ పట్టిక రాత్రంతా మారుతూనే ఉంటుంది. సాయంత్రం తొలి విడతలో వచ్చేవి పోలింగ్ కేంద్రాల నుంచి వెళ్తున్నవాళ్లు నింపిన ఫారాలు. ఓట్లు లెక్కించేకొద్దీ పట్టికను అసలు ఫలితానికి సరిపోయేలా తూకం మార్చుతారు, దాంతో వయసు, జాతి, చదువుల వాటాలూ కదులుతాయి. సాయంత్రం తీసిన స్క్రీన్‌షాట్‌తో మర్నాటి పేపర్లో విశ్లేషణ రాయకండి. మర్నాడు ఉదయం పట్టిక మళ్లీ తెరిచి, చూసిన సమయాన్ని మీ నోట్స్‌లో రాసుకోండి.

ఉపసమూహాల దగ్గరే పెద్ద పొరపాట్లు జరుగుతాయి. సర్వే అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో తెలియడానికి ఒక మోటు లెక్క చెబుతాను: 100ను నమూనా సంఖ్య వర్గమూలంతో భాగించండి. 1,600 మంది నమూనాకు అటూ ఇటూ 2.5 పాయింట్లు. అందులో 100 మంది లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు) ఉంటే ఆ వర్గానికి 10 పాయింట్లు. పైగా ఎగ్జిట్ పోల్ ఎంపిక చేసిన కొన్ని పోలింగ్ కేంద్రాల్లోనే జరుగుతుంది, ఒక కేంద్రానికి వచ్చేవాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు. అందువల్ల ఇంకో సగం కలుపుకోవడం క్షేమం, అంటే 15. ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడాకైతే దాదాపు రెట్టింపు.

2016 నెవాడా డెమోక్రాటిక్ కాకస్‌లో జరిగింది ఇదే. లోపలికి వెళ్తున్నవాళ్లను అడిగిన సర్వే లాటినోల్లో శాండర్స్‌కు 53, క్లింటన్‌కు 45 శాతం చూపింది. లాస్ వేగస్‌లో లాటినోలు ఎక్కువున్న ప్రాంతాల్లో మాత్రం క్లింటన్ గెలిచారు. రెండు శిబిరాలూ తమకు నచ్చిన అంకె పట్టుకుని వాదించుకున్నాయి. ఆ చిన్న నమూనా మీద 8 పాయింట్ల ఆధిక్యానికి అర్థమే లేదు. అలాగని ప్రాంతాల ఫలితమూ రుజువు కాదు, ఎందుకంటే లాటినో వాడలో కాకస్‌కు వచ్చినవాళ్లంతా లాటినోలే అనుకోలేం. అలాంటప్పుడు రాయాల్సిన వాక్యం: "లాటినోల్లో ఎవరు ముందున్నారో ఈ సర్వే తేల్చలేదు."

కేవలం పోస్టులో ఓటేసే రాష్ట్రాల్లో గుమ్మం దగ్గర అడగడానికి ఓటరే ఉండడు. అక్కడి అంకెలు ఫోన్, ఆన్‌లైన్ సర్వేలవి.

ఆ రాత్రి తేలనివి

కాలిఫోర్నియాలో పోలింగ్ రోజు తపాలా ముద్ర ఉన్న ఓటు తర్వాత చేరినా చెల్లుతుంది, లెక్క పూర్తవడానికి వారాలు పడుతుంది. చివరి నిమిషంలో పంపేవాళ్లలో యువత ఎక్కువ. అందుకే ఆ రాత్రి "కాలిఫోర్నియాలో పోలింగ్ పడిపోయింది, యువత రాలేదు" అన్న వ్యాఖ్య తొందరపాటే. "ఇప్పటిదాకా లెక్కించినవి" అని రాసి, రాష్ట్రం ధ్రువీకరించిన సంఖ్య వచ్చాక సరిదిద్దండి.

అసలు లెక్క ఓటరు ఫైలులో, అంటే నమోదైన ఓటర్ల జాబితాలో ఉంటుంది. ఎవరికి ఓటేశారో అందులో ఉండదు, ఓటేశారా లేదా అన్నది ఉంటుంది. ఫ్లోరిడా, జార్జియా, లూసియానా, నార్త్ కరోలినా, సౌత్ కరోలినా వంటి కొద్ది దక్షిణాది రాష్ట్రాల్లో నమోదు ఫారంలోనే జాతి అడుగుతారు కాబట్టి అక్కడ జాతివారీ పోలింగ్ అంచనా కాదు, లెక్కే. మిగతాచోట్ల పేరు, నివాస ప్రాంతం చూసి ఊహించిన జాతి అని గుర్తుపెట్టుకోండి. జనగణన శాఖ ఓటింగ్ సర్వే నవంబరు ఎన్నికల గురించే అడుగుతుంది, దాన్ని ప్రైమరీకి వాడకండి.

ప్రైమరీలో ఎక్కువమంది వచ్చిన పార్టీయే నవంబరులో గెలుస్తుందన్న వ్యాఖ్య ప్రతి నాలుగేళ్లకూ తిరిగొస్తుంది. 1988లో డెమోక్రాటిక్ ప్రైమరీల్లో 2 కోట్లకు పైగా ఓట్లు పడ్డాయి, రిపబ్లికన్ వైపు 1.2 కోట్ల దగ్గర. నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ సీనియర్ 40 రాష్ట్రాలు గెలిచారు. డెమోక్రాట్లు డుకాకిస్, జెస్సీ జాక్సన్‌ల మధ్య పోటీ చివరిదాకా సాగింది, బుష్ పోటీ మార్చిలోనే దాదాపు ముగిసింది. పోటీ ఉన్నచోటికి జనం వస్తారు. ఆ వాక్యం మీ దగ్గరికి వస్తే, ఆ రోజుకి ఆ పార్టీలో ఇంకా ఎంతమంది అభ్యర్థులు బరిలో ఉన్నారో పక్కనే రాయండి, లేదా వాక్యం కొట్టేయండి.