నీళ్లలో ఆగిన కారుకి సెల్ఫ్ కొట్టకండి

మొన్న మా గోదావరి లంక దారిలో, ఏటిపాయ మీద ఎత్తు తక్కువగా వేసిన కాజ్‌వే రోడ్డు మీదికి నీరెక్కిన పూట ఒక కారు సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. లోపలున్న ఇద్దరూ దిగి, నలుగురి సాయంతో ఒడ్డుకి తోసుకొచ్చేశారు. అక్కడితో ఆగి ఉంటే సగం గండం గడిచినట్టే. గట్టు మీదున్నవాళ్లు ఊరుకుంటారా? "ఒక్క సెల్ఫ్ కొట్టండి బావగారూ, అందేసుకుంటది" అన్నారు. కొట్టారు. అందుకోలేదు. సెకండ్ గేరులో వేసి తోశారు. లోపల టక్‌మంది. వంగిపోయిన కనెక్టింగ్ రాడ్లు ఇప్పుడు షెడ్డులో బల్ల మీదున్నాయి.

వరద నీళ్లలోకి కారు దింపకూడదని గోదావరి వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి, రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి అని ఇక్కడ పిల్లలు కూడా చెప్తారు. కనకాయలంక, ఎదురుబిడిం లాంటి కాజ్‌వేలు మునగడానికి ఆ మూడో హెచ్చరిక దాకా అక్కర్లేదు కూడా. అయినా ఆస్పత్రి అనో, ముహూర్తం అనో దింపుతారు. కాబట్టి ఆగిపోయాక ఏం చేయకూడదో చెప్తాను.

సెల్ఫ్ కొట్టకూడదు.

ఎందుకో తెలియాలంటే బానెట్ కింద రెండు వస్తువుల సంగతి తెలియాలి. మొదటిది ఎయిర్ ఫిల్టర్ డబ్బా. దాన్నుంచి ముందుకి ఒక ప్లాస్టిక్ గొట్టం వస్తుంది. చాలా కార్లలో దాని మూతి రేడియేటర్ పైభాగాన, గ్రిల్ వెనకాలే ఉంటుంది. ఇంజన్ గాలి పీల్చే ముక్కు అదే. నీళ్లు సైలెన్సర్‌లోంచి వెళ్లి ఇంజన్ పాడవుతుందని మనవాళ్ల నమ్మకం. కానీ ఇంజన్ నడుస్తున్నంతసేపూ పొగ ఒత్తిడి నీటిని బయటికే నెడుతుంటుంది. అసలు ప్రమాదం ముందు వైపు నుంచి. నీరు బంపర్ కిందే ఉన్నా సరే, మీరు జోరుగా వెళ్లినా, ఎదురుగా బస్సో ట్రాక్టరో వచ్చినా లేచే అల ఆ మూతికి అందుతుంది.

రెండోది పైకి కనిపించదు. సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌నీ, దాని ఊపుతో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌నీ కలిపే ఇనుప చెయ్యి, అదే కనెక్టింగ్ రాడ్. పిస్టన్ పైకి వచ్చినప్పుడల్లా సిలిండర్‌లో గాలిని నొక్కుతుంది. పెట్రోల్ ఇంజన్‌లో ఇంచుమించు పదో వంతుకి, డీజిల్‌లో ఇంకా ఎక్కువగా. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ ఆగిపోతుంది, క్రాంక్ ఆగదు, మధ్యలో రాడ్ వంగుతుంది. డీజిల్ బండికి దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. ఒక్కోసారి కాస్త వంగిన రాడ్‌తోనే ఇంజన్ అందుకుంటుంది కూడా. "చూశారా, ఏం కాలేదు" అనుకుంటూ ఇంటికొస్తారు. తర్వాతెప్పుడో హైవే మీద ఆ రాడ్ విరిగి ఇంజన్ బ్లాకుకే చిల్లు పెడుతుంది.

తోసి స్టార్ట్ చేయడం ఇంకా ఘోరం. టన్ను బరువున్న బండి కదులుతున్న ఊపంతా ఆ రాడ్ మీదే పడుతుంది.

మరి ఏం చేయాలి? ఇగ్నిషన్ ఆపేయండి, తాళం మాత్రం దాన్లోనే ఉంచండి, తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. న్యూట్రల్‌లో పెట్టి మెట్టకి తోయండి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి: ఫిల్టర్ తడిసి ఉంటే నీళ్లు లోపలికి వెళ్లాయనే అనుకోవాలి. ఇంజన్ ఆయిల్ చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీయండి. ఆయిల్ పాలు పోసిన టీలా ఉంటే అందులో నీరు కలిసింది. మెకానిక్ ముందుగా స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ అయితే ఇంజెక్టర్లు గానీ గ్లో ప్లగ్గులు గానీ ఊడదీసి, ఇంజన్‌ని చేత్తో తిప్పి నీళ్లు బయటికి తోలించాలి. ఆ పని చేయకుండా "ఒకసారి కొట్టి చూద్దాం సార్" అనే షెడ్డులో బండి వదలకండి. అలాగని రోజుల తరబడి నానబెట్టకండి, సిలిండర్ గోడలు తుప్పు పడతాయి.

ఇక మిగతావి.

ఎర్రలైటు దగ్గర తనంతట తనే ఆగి, మళ్లీ తనే స్టార్ట్ అయ్యే ఆటో స్టార్ట్-స్టాప్ బండి అయితే, నీళ్లు కనబడగానే ఆ బటన్ ఆఫ్ చేయండి. మీరు సెల్ఫ్ కొట్టకపోయినా అది కొడుతుంది.

నీళ్లలోకి దిగక తప్పకపోతే ముందు ఏసీ ఆపండి. ఫస్ట్ గేరు, నిదానం, మధ్యలో ఆగొద్దు. ఎదుటి బండి దాటాకే దిగండి. నీటి కింద రోడ్డు కనబడకపోతే దిగొద్దు.

బయటికొచ్చాక బ్రేకు మెల్లగా రెండుమూడుసార్లు తొక్కండి. ప్యాడ్లు తడిసి ఉంటాయి, వెనక డ్రమ్ముల్లో బురద చేరుతుంది.

ఆటోమేటిక్ బండిని తాడు కట్టి లాక్కెళ్లొద్దు. ట్రక్కు మీదికెక్కించండి.

ఎలక్ట్రిక్ బండిలో నారింజ రంగు వైర్లు ముట్టుకోవద్దు.

రేడియేటర్‌లో కూలెంట్ తగ్గిందని ఉప్పునీటి బోరు నీళ్లు పోయొద్దు. సముద్రం ఒడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లకి ఇది మరీ మరీ చెప్తున్నాను.

కాలువ గట్టు మీద వర్షంలో ఎడమ అంచుకి తీయకండి, మట్టి జారుతుంది. ఖర్మకాలి బండి కాలువలో పడితే బెల్టు విప్పండి, అద్దాలు దించండి, బయటపడండి, అదే వరస. అద్దం దిగకపోతే పక్కద్దాన్ని మూల మీద కొట్టండి. ముందద్దం మీద బలం వృథా చేయకండి, దాని మధ్యలో పొర ఉంటుంది, ఊడిరాదు.

సెల్ఫ్ కొట్టొద్దు. బంధువులు చెప్పినా, షెడ్డువాళ్లు చెప్పినా కొట్టొద్దు.

ఇన్సూరెన్స్ కాగితం ఈ రాత్రే తీయండి. మామూలు పాలసీలో, నీళ్లు చేరిన ఇంజన్‌ని తిప్పి పాడుచేసుకుంటే చాలా కంపెనీలు డబ్బివ్వవు. ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా కొనుక్కోవాలి. కొన్నా, ఆగిపోయాక మళ్లీ స్టార్ట్ చేస్తే ఇవ్వమని అందులో షరతు ఉందేమో చదవండి.