గన్నేరు: నీళ్లు తగ్గిస్తేనే పూత

హైవే డివైడర్ల మీద మండే ఎండలోనూ పూసే గన్నేరు ఇంటి పెరట్లో ఆకులు పసుపుబారి రాలుతోందంటే, ముందు అనుమానించాల్సింది రోజూ పోసే నీళ్లనే. తడి ఆరని మట్టిలో వేళ్లు కుళ్లిపోతాయి.

తొలకరిలో కొమ్మ నాటుకోవడం తేలిక. పెన్సిల్ లావున్న కొమ్మను జానెడు పొడవున, కణుపుకి సరిగ్గా కింద కోయండి. కొసన రెండు మూడు ఆకులుంచి మిగతావి తీసేయండి. ఇసుక, ఎర్రమట్టి సమపాళ్లలో కలిపి గుచ్చి నీడలో పెడితే నెలా నెలన్నరలో వేళ్లు దిగుతాయి. నీళ్ల సీసాలోనూ వస్తాయి గానీ ఆ వేళ్లు పెళుసు. అంగుళం రాగానే మట్టిలోకి మార్చాలి.

కనీసం 6 గంటల ఎండ తగలాలి. నీడలో బతుకుతుంది, పూయదు. గుంత అడుగున్నర లోతు చాలు. నల్లరేగడిలో అయితే మట్టి ఎత్తు చేసి నాటండి. కంచెకైతే మొక్కకీ మొక్కకీ మూడు నాలుగు అడుగుల ఎడం. మొదటి వేసవిలో వారానికో బకెట్, వేరు పట్టాక వేసవిలో పదిహేను రోజులకోసారి. వానలు పడుతుంటే అసలొద్దు. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరిగి పూత తగ్గుతుంది, పేనుబంకా ఎక్కువవుతుంది.

కత్తిరించడానికి చాలామంది జంకుతారు. పూలొచ్చేది కొత్త చిగుళ్ల కొసల్లోనే కాబట్టి, కత్తిరించకపోతే పొడుగు కర్రలే మిగులుతాయి. పెద్ద పూత అయ్యాక మూడో వంతు తగ్గించండి. కణుపుకి మూడేసి ఆకులుంటాయి; దానికి కాస్త పైన కోస్తే రెండు మూడు కొమ్మలు చీలతాయి. మొక్క మొదలు దగ్గర లేచే పిలకల్ని కోయకుండా లాగేయాలి, కోస్తే మళ్లీ వస్తాయి.

చిగుళ్ల మీద పసుపు రంగు పేనుబంక కనిపిస్తే గట్టి నీటి ధారతో కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి.

వేరు నుంచి పువ్వు దాకా అంతా విషమే, ఎండినా పోదు. చేతికి తొడుగు వేసుకోండి. కోసిన కొమ్మల్ని తగలబెట్టొద్దు, ఆ పొగా ప్రమాదమే. పశువులకి అందేచోట పారేయొద్దు. పచ్చగన్నేరు వేరే మొక్కే అయినా దాని పప్పూ ప్రాణాంతకమే. పిల్లలు నమిలారని అనుమానం వస్తే చిట్కా వైద్యాలతో ఆలస్యం చేయకుండా, ఆ రెమ్మ కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.