కెనడాలో ఉద్యోగం, బొబ్బిలిలో పెళ్లి: భార్య అప్లికేషన్ ఎప్పుడు వేయాలి

మన వైపు సంబంధం కుదరగానే పంచాంగం పట్టుకుని పంతులుగారి దగ్గరికి పరిగెడతాం. అబ్బాయో అమ్మాయో కెనడాలో ఉంటే మాత్రం, పంతులుగారి కంటే ముందు ఆ మనిషి పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) ఫైలు ఏ దశలో ఉందో చూసుకోండి. నాది బొబ్బిలి పక్కన పల్లెటూరు, మా ఆవిడది రాజాం. నా పీఆర్ ఫైలు నడుస్తుండగానే మాకు పెళ్లయింది. అప్పుడు నాకు సరిగ్గా చెప్పేవాళ్లు దొరక్క పడిన టెన్షన్ ఇంకెవరూ పడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క రూల్ గుర్తుపెట్టుకోండి. మీరు పీఆర్ అయ్యే రోజుకి మీకు పెళ్లయి ఉండి, ఆ విషయం ఇమిగ్రేషన్ వాళ్లకు చెప్పకపోతే, ఆ భార్యను లేదా భర్తను తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో, అంటే కుటుంబ సభ్యులను పిలిపించుకునే దారిలో, స్పాన్సర్ చేయడానికి కుదరదు. అక్కడి రెగ్యులేషన్లలో 117(9)(డి) అని ఉంటుంది, చదువుకోండి. ఏడాదో రెండేళ్లో ఆగితే తీరిపోయే అడ్డంకి కాదది, ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది. పైగా నిజం దాచారని తేలితే 5 ఏళ్ల పాటు అప్లై చేయకుండా నిషేధం పడొచ్చు, వచ్చిన పీఆర్ మీదకే రావొచ్చు. విశాఖలో ఒక ఏజెంటు నాతో ఏమన్నాడో తెలుసా, "పెళ్లి సంగతి ఇప్పుడు రాయకండి సార్, ఫైలు లేటవుతుంది, పీఆర్ వచ్చేశాక రిజిస్టర్ చేయించుకుని స్పాన్సర్ చేసేద్దాం" అన్నాడు. ఆ మాట విని ఉంటే మా కాపురం ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ వస్తుంది. రిజిస్ట్రేషన్ తర్వాతైనా పెళ్లి తేదీ పెళ్లి తేదీయే. శుభలేఖ మీద, ఫొటోల మీద, రేపు సర్టిఫికెట్ మీద అదే ఉంటుంది. సలహా కావాలంటే కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజెన్‌షిప్ కన్సల్టెంట్స్ వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా ఉంది, అందులో పేరు ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

ఇప్పుడు ఫైలు దశల సంగతి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (పాయింట్ల లెక్కన పీఆర్‌కి ఎంపిక చేసే పద్ధతి) పూల్‌లో ఉండి, పీఆర్‌కి అప్లై చేయమనే ఇన్విటేషన్ ఇంకా రాకపోతే, పెళ్లయితే పాయింట్లు మారతాయి. పెళ్లికానివాళ్లకు కోర్ పాయింట్లు గరిష్ఠంగా 500, పెళ్లయినవాళ్లకు సొంతంగా 460, మిగతా 40 భార్య చదువు, ఇంగ్లీషు పరీక్ష, కెనడా అనుభవం బట్టి వస్తాయి. భార్య ఇక్కడే ఉంటే కెనడా అనుభవం ఉండదు కాబట్టి ఆ పది పోయినట్టే, కానీ మిగతా ముప్పైలో ఎన్ని వస్తాయన్నది ఆమె ఐఈఎల్‌టీఎస్ రాసిందా, డిగ్రీకి ఈసీఏ (మన చదువు కెనడా చదువుకి దేనితో సమానమో చెప్పే రిపోర్టు) చేయించిందా అన్నదాని మీదే ఉంటుంది. అందుకే నిశ్చితార్థం అయిన మర్నాడే ఈ రెండూ మొదలుపెట్టించండి. ఆంధ్రా యూనివర్సిటీ అయినా ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ అయినా ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించడం రెండు రోజుల్లో తేలే పని కాదు, ఒకరు స్వయంగా వెళ్లి వెంటపడాలి.

ఇన్విటేషన్ వచ్చాక అప్లికేషన్ పెట్టడానికి 60 రోజులు ఇస్తారు. పెళ్లి ముహూర్తం పడకూడనిది సరిగ్గా ఈ 60 రోజుల్లోనే, నా మాట వినండి. ఇన్విటేషన్ వచ్చేనాటికి పెళ్లికాలేదు, అప్లికేషన్ పెట్టేనాటికి పెళ్లయింది అంటే పాయింట్లు మళ్లీ లెక్కేస్తారు, కటాఫ్ కన్నా తగ్గితే ఫైలు రిజెక్ట్. కాగితాలన్నీ సిద్ధంగా ఉంటే అప్లికేషన్ ముందు పెట్టేయండి, తర్వాత తాళి కట్టండి. అప్లికేషన్ అందాక జరిగిన పెళ్లి వల్ల పాయింట్లు పోవు. కానీ చెప్పడం మాత్రం తప్పనిసరి.

నాది ఈ కేసే. డిసెంబరులో అక్కడ సెలవులు దొరుకుతాయి గానీ 16వ తేదీ చుట్టూ ధనుర్మాసం వచ్చేస్తుంది, ముహూర్తాలు ఉండవు, సంక్రాంతి దాటి మాఘం వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ గ్యాప్ నాకు కలిసొచ్చింది, పెళ్లికి ముందే అప్లికేషన్ పెట్టేశాను. పెళ్లయిన వారంలోనే వెబ్‌ఫారం ద్వారా పెళ్లి సర్టిఫికెట్ పంపి, భార్యను నాతోపాటు వచ్చే మనిషిగా చేర్చమని రాశాను. తర్వాత ఆమె ఫారాలు, ఫీజు, మెడికల్, పోలీస్ క్లియరెన్స్ అడిగారు. ఫైలు కొన్ని నెలలు వెనక్కి వెళ్లింది నిజమే, కానీ ఇద్దరికీ ఒకే ఫైల్లో పీఆర్ వచ్చింది, స్పాన్సర్‌షిప్ అనే రెండో ఫైలు అవసరమే పడలేదు. మీకు పీఆర్ ఖాయమైపోతుందన్న చివరి రోజుల్లో పెళ్లయినా సరే, పోర్టల్‌లో ఆఖరి కన్ఫర్మేషన్ ఇచ్చే ముందు ఆగి, పెళ్లయిందని చెప్పి తీరండి.

భార్య ఇప్పుడే రాదు, ఉద్యోగం వదలలేదు అనుకుంటే "తోడు రాని భార్య" అని చూపించొచ్చు. అప్పుడు కూడా ఆమెకు మెడికల్ చేయించాల్సిందే. అది జరిగితేనే రేపు స్పాన్సర్ చేసే హక్కు నిలుస్తుంది. పాయింట్ల కోసమే అలా చూపిస్తున్నారేమో అని ఆఫీసర్లు అడుగుతున్నారు, అందుకని నిజంగా ఆమె రానప్పుడే ఈ దారి పట్టండి.

పీఆర్ సంగతి ఇంకా దూరం, వర్క్ పర్మిట్ మీదే ఉన్నాను అనేవాళ్లకు లెక్క వేరు. 2025 జనవరి 21 నుంచి, భార్యకు ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పనిచేసుకునే పర్మిట్) రావాలంటే మీ ఉద్యోగం టీర్ (ఉద్యోగాలకు కావాల్సిన చదువు, శిక్షణ బట్టి కెనడా వేసిన అంచెలు) 0 లేదా 1లో ఉండాలి, లేదా టీర్ 2, 3లో వాళ్లు ఎంపిక చేసిన కొన్ని ఉద్యోగాల్లో ఉండాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆమె అప్లై చేసేనాటికి మీ పర్మిట్ గడువు కనీసం 16 నెలలు మిగిలి ఉండాలి. పర్మిట్ 19 నెలలు ఉంది కదా, వైశాఖంలో చేసుకుందాంలే అని నాలుగు నెలలు జరిపితే ఆ 16 కన్నా తగ్గిపోయి, తాళి కట్టిన చేత్తోనే ఒంటరిగా విమానం ఎక్కాలి. మీ పర్మిట్ మీదున్న ఎక్స్‌పైరీ తేదీ నుంచి వెనక్కి 16 నెలలు లెక్కపెట్టి, ఆ తేదీని మీ నాన్నగారికి ఫోన్లో చెప్పండి. ఆయన పంతులుగారితో మాట్లాడేటప్పుడు అది చేతిలో ఉండాలి.

ఇప్పటికే పీఆర్ ఉండి తర్వాత పెళ్లి చేసుకుంటున్నవాళ్లకు ఇంత తంటా లేదు, పెళ్లి చేసుకుని స్పాన్సర్ చేయడమే. సిటిజెన్‌షిప్ వచ్చాక వేద్దాం అని ఆగకండి. అమెరికాలో గ్రీన్‌కార్డుకీ సిటిజెన్‌షిప్‌కీ మధ్య భార్య క్యూలో పెద్ద తేడా ఉంటుంది, అక్కడి బంధువులు చెప్పిన లెక్క ఇక్కడికి తెచ్చి కలపొద్దు. కెనడాలో పీఆర్ ఉంటే చాలు. తేడా ఒక్కటే, పీఆర్ ఉన్నవాళ్లు స్పాన్సర్ చేస్తున్నంతకాలం కెనడాలోనే నివాసం ఉండాలి, సిటిజన్ అయితే భార్యతో కలిసి తిరిగొస్తానని చూపించి బయట నుంచీ వేయొచ్చు. పెళ్లికని వచ్చి ఆర్నెల్లు ఊళ్లో ఉండిపోయి అక్కడినుంచే స్పాన్సర్ చేద్దామనుకునే పీఆర్ వాళ్లు ఇది చూసుకోండి. భార్యను స్పాన్సర్ చేయడానికి మీకు కనీస జీతం ఇంత ఉండాలనే షరతు లేదు, అయితే ప్రభుత్వ సోషల్ అసిస్టెన్స్ మీద బతుకుతూ ఉండకూడదు, వైకల్యం వల్ల తీసుకునేది వేరు. క్యూబెక్ రాష్ట్రంలో ఉంటే రూల్స్ వేరు, అవి విడిగా చదువుకోండి.

ఇక ఊళ్లో కాగితాలు. ఆలస్యమంతా ఇక్కడే పుడుతుంది. గుడిలో పెళ్లి చేసుకుంటే ఇచ్చే రసీదు సరిపోదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించాలి, ఇద్దరూ ఉండాలి, సాక్షులు ఉండాలి. సెలవు మూడు వారాలే అయితే పెళ్లయిన రెండో మూడో రోజునే వెళ్లండి. మేం వెళ్లిన రోజు మా ఆవిడ చేతుల పసుపు ఇంకా పోలేదు, వేలిముద్ర పెడితే కాగితానికి అంటుకుంది. మా మామయ్య విసుక్కున్నారు, "ఏటి బాబూ, సత్యనారాయణ వ్రతం కూడా అవలేదు, అప్పుడే ఆఫీసులేటి" అని. "మామయ్యా, ఇవాళ అవకపోతే మళ్లీ నేనొచ్చేదాకా అవదు" అన్నాను. ఇంకేం మాట్లాడకుండా సాక్షి సంతకం ఆయనే పెట్టారు.

ఆ రోజు సర్టిఫికెట్ చేతికొచ్చాక అక్కడే నిలబడి ప్రతి అక్షరం పాస్‌పోర్టుతో పోల్చుకోండి. మన పేర్లతో పెద్ద చిక్కు. పైడిరాజు అనే పేరులో పైడి ఒక సర్టిఫికెట్‌లో 'వై'తో ఉంటుంది, ఇంకోదాంట్లో 'ఏఐ'తో ఉంటుంది. అప్పలనాయుడు పదో తరగతి మెమోలో ఒకే మాట, పాస్‌పోర్టులో రెండు మాటలు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరం. సర్టిఫికెట్ రాసేవారికి పాస్‌పోర్టు చూపించి అలాగే రాయమనండి. పెళ్లయింది కదా అని భార్య పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చడం హడావుడిగా మొదలుపెట్టకండి, అది తప్పనిసరి కాదు, ఫైలు మధ్యలో పాస్‌పోర్టు నంబరు మారితే మళ్లీ అన్నిచోట్లా చెప్పుకోవాలి.

ఇంకోటి శ్రీకాకుళం, విజయనగరం వైపు మనవాళ్లకు వచ్చే తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం అంతకుముందు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. పాలకొండ శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యానికి పోయింది. మా ఆవిడ పుట్టిన సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా. ఒట్టావాలో కూర్చున్న ఆఫీసరుకి ఇదంతా ఎలా తెలుస్తుంది? నేను ఒక పేజీ వివరణ రాసి పెట్టాను, ఊరు అదే, జిల్లా హద్దులు మారాయి, ఫలానా తేదీ నుంచి అని. దాని మీద మళ్లీ ఎవరూ అడగలేదు.

పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లోనే అప్లై చేయాలి, మనకి విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు పరిధి. ఇప్పుడున్న దేశం సర్టిఫికెట్ అప్లికేషన్ నాటికి 6 నెలల లోపుదై ఉండాలి, కాబట్టి మరీ ముందు తీసి పెట్టుకోవద్దు. అమ్మాయి కెనడాలో ఉండి అబ్బాయిని తీసుకెళ్తుంటే ఇంకో విషయం చూడాలి. సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు అబ్బాయిలు చాలామంది దుబాయ్‌లోనో ఖతర్‌లోనో పనిచేసి వచ్చినవాళ్లే. ఆ దేశంలో వరుసగా 6 నెలలు గానీ అంతకు మించి గానీ ఉంటే అక్కడి పోలీసు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. అక్కడ ఉండగా తీసుకోవడం తేలిక, ఇంటికొచ్చేశాక వేలిముద్రలు, అటెస్టేషన్లు అని తిరగాలి. గల్ఫ్ నుంచి రిజైన్ చేసి వస్తున్న పెళ్లికొడుకుంటే, విమానం ఎక్కకముందే ఆ సర్టిఫికెట్ తీసుకోమని ఈ రోజే చెప్పండి.

పెళ్లి నిజమైనదేనని చూపించే భాగాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. జీలకర్ర బెల్లం, తలంబ్రాల ఫొటోలు నలభై పెట్టి ఊరుకుంటారు. ఆఫీసరు చూసేది ఆ ఒక్క రోజుని కాదు. పెళ్లిచూపులు ఎప్పుడు, సంబంధం ఎవరు తెచ్చారు, నిశ్చితార్థం ఎక్కడ, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, తర్వాత ఎలా మాట్లాడుకుంటున్నారు, ఇవన్నీ ప్రశ్నపత్రంలో ఇద్దరూ రాయాలి. మీరు రాసిన తేదీ, ఆమె చెప్పే తేదీ ఒకటి కావాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లి కాబట్టి ముందు పరిచయం లేదని సంకోచించకండి, ఉన్నదున్నట్టు రాయండి. నెలకు ఒకటి రెండు వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, కాల్ లాగ్, ఆమె ఖాతాకు పంపిన డబ్బు, మీరు ఊరొచ్చినప్పుడు రెండు కుటుంబాలతో దిగిన ఫొటోలు, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి కలిసి వెళ్లిన ఫొటో అయినా సరే, తేదీ వేసి పెట్టండి. తెలుగులో ఉన్న కాగితం ఏదైనా ఇంగ్లీషు అనువాదంతో కలిపే పంపాలి.

స్పాన్సర్‌షిప్ వేసి ఎదురుచూసే రోజుల్లో ఆమె విజిటర్ వీసాకి అప్లై చేయొచ్చు, పీఆర్ ఫైలు ఉందన్న విషయం దాచక్కర్లేదు, ఆ రెండు ఉద్దేశాలూ ఒకేసారి ఉండొచ్చని కెనడా చట్టమే ఒప్పుకుంటుంది. ఇస్తారన్న గ్యారంటీ మాత్రం లేదు. అందుకని వీసా రాకముందే ఆమె చేత ఉద్యోగం మాన్పించకండి.

మెడికల్ 12 నెలలే చెల్లుతుంది, ఇమిగ్రేషన్ వాళ్ల జాబితాలో ఉన్న డాక్టరు దగ్గరే చేయించాలి. ఆమె పీఆర్ కాగితం మీద ఎక్స్‌పైరీ తేదీ ఎక్కువగా ఆ మెడికల్ తేదీ బట్టే పడుతుంది, దాన్ని పొడిగించరు, ఆ లోపు కెనడాలో దిగాల్సిందే. మా ఆవిడ కాగితం వచ్చాక అందరూ వీసా వచ్చేసిందని మిఠాయిలు పంచుతుంటే నేను ముందు ఆ తేదీ చూశాను. ఆషాఢం మధ్యలో పడింది. ఆషాఢంలో కొత్త కాపురానికి పంపడానికి మా అత్తయ్య ఒప్పుకోరని తెలుసు, శ్రావణం దాకా ఆగితే కాగితం చెల్లదు. ఆ రాత్రే కూర్చుని జ్యేష్ఠంలో మంచి రోజు చూసి టికెట్ తీశాం.