వారం వారం మీటప్ నుంచి అధికారిక క్యూబింగ్ పోటీ దాకా

ఒకచోట పాతికమంది క్యూబర్లు, అంటే రూబిక్స్ క్యూబ్‌ను వేగంగా సాల్వ్ చేసేవాళ్లు, తయారైతే పోటీ పెట్టేయొచ్చని చాలామంది అనుకుంటారు. వేగంగా సాల్వ్ చేసేవాళ్లు ఎంతమంది ఉన్నా పోటీ వాళ్ల వల్ల నడవదు. స్క్రాంబుల్ చేసేవాళ్లు (సాల్వ్‌కి ముందు క్యూబ్‌ను ఇచ్చిన వరుసలో తిప్పి కలిపేవాళ్లు), జడ్జిలు, క్యూబ్‌లు చేరవేసే రన్నర్లు ఉంటేనే నడుస్తుంది. ఎనిమిది టైమర్లు పెట్టిన హాల్లో ఒక గ్రూప్ ఆడుతున్నంతసేపూ దాదాపు 13 మంది ఆడకుండా పనిచేస్తూ ఉండాలి. వాళ్లను పోటీ రోజు ఎక్కణ్నుంచో తేలేం. మొదటి మీటప్ నుంచే తయారుచేసుకోవాలి. ఈ గైడ్ అంతా ఆ దృష్టితోనే రాశాం.

మీటప్‌కి కావాల్సినవి

ప్రతిసారీ అదే రోజు, అదే సమయం, అదే చోటు. రెండు గంటలు చాలు. తేదీ మారుతూ ఉంటే కొత్తవాళ్లు రెండోసారి రారు.

చోటు చూసేటప్పుడు వెలుతురును అన్నిటికంటే ముందు పరీక్షించండి. పసుపు కాంతి బల్బుల కింద తెలుపు, పసుపు రంగులు ఒకేలా కనిపిస్తాయి. ఎరుపు, నారింజ అయితే మరీ తికమక. మీటప్ జరిగే వేళకే వెళ్లి, బల్లమీద క్యూబ్ పెట్టి చూడండి. మీ నీడ క్యూబ్ మీద పడుతోందా అన్నదీ గమనించండి.

పది పన్నెండు మందికి రెండు స్టాక్‌మ్యాట్ టైమర్లు (చేతులు ఆనించి నడిపేవి), విడి బ్యాటరీలు, సాల్వ్‌కి ముందు క్యూబ్ చూసుకునే పదిహేను సెకన్ల లెక్కకు ఒక స్టాప్‌వాచ్, రాసుకోవడానికి స్కోర్‌కార్డులు ఉంటే చాలు. ఫోన్ టైమర్‌తో సరిపెట్టుకోవద్దు. రెండు చేతులూ ప్యాడ్‌ల మీద ఆనించి, పచ్చ లైట్ వెలిగాక ఎత్తడం ముందే అలవాటు కాకపోతే, పోటీ రోజు అక్కడే సమయం పోతుంది. అరువివ్వడానికి నాలుగైదు క్యూబ్‌లు విడిగా ఉంచండి. అన్నిటికీ స్ప్రింగ్ బిగువు ఒకేలా సరిచేసి, కాస్త లూబ్ వేసి పెట్టండి.

అరువు క్యూబ్‌ల పెట్టెతో ఒక చిక్కుంది. మూలముక్క ఒకటి చేతిలో మెలి తిరిగిపోయినా, ఊడిన ముక్కలను ఎవరైనా తోచినట్టు బిగించినా ఆ క్యూబ్ ఇక సాల్వ్ కాదు. విప్పి ఎలా పడితే అలా బిగిస్తే, సాల్వ్ అయ్యే స్థితి వచ్చే అవకాశం 12లో ఒక్కటే. ఇది తెలియని కొత్తవాళ్లు గంటసేపు కుస్తీ పట్టి, ఇది తమ వల్ల కాదనుకుని వెళ్లిపోతారు. అందుకే ప్రతి మీటప్‌కి ముందు అరువు క్యూబ్‌లన్నిటినీ ఒకసారి పూర్తిగా సాల్వ్ చేసి చూడండి. చివర్లో ఒక్క మూల మాత్రమే తిరిగి ఉంటే దాన్ని పట్టుకుని వెనక్కి మెలిపెడితే సరిపోతుంది. ఒక్క అంచుముక్క తిరగబడినా, రెండు ముక్కలు మాత్రమే తారుమారైనా విప్పక తప్పదు.

కొత్తవాళ్లకు, కాస్త వచ్చినవాళ్లకు

కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర కూర్చోవడానికి ప్రతిసారీ ఒకరిని కేటాయించండి. ఆ రోజుకి ఆ మనిషికి టైమర్ పని ఉండదు. మొదటిరోజు తెల్ల క్రాస్, మొదటి పొర వరకు నేర్పి ఆపండి. మూడు పొరలూ ఒకే పూట చెబితే ఇంటికెళ్లేసరికి ఏదీ గుర్తుండదు.

నిమిషం చుట్టుపక్కల ఆగిపోయినవాళ్లకు చివరి పొర రంగును సరిచేసే 57 ఓఎల్ఎల్, ఆ పొర ముక్కల చోటును సరిచేసే 21 పీఎల్ఎల్ అల్గారిథమ్‌ల (బట్టీ పట్టే తిప్పుల వరుసల) మొత్తం పట్టిక చేతికివ్వకండి. ముందు ఎఫ్2ఎల్ జతలను (మొదటి రెండు పొరల్లో కలిసి కూర్చునే మూల, అంచుముక్కలను) బట్టీ పట్టకుండా అర్థం చేసుకుని కట్టడం రావాలి. చివరి పొరకు, ఒక్కో దశను రెండు అడుగుల్లో చేసే టూ-లుక్ పద్ధతిలో ఓఎల్ఎల్ 10, పీఎల్ఎల్ 6, మొత్తం 16 అల్గారిథమ్‌లు చాలు. ఈ దశలో సమయం పోయేది వేళ్లు నెమ్మది కావడం వల్ల కాదు, తర్వాతి ముక్క ఎక్కడుందో వెతుక్కుంటూ ఆగిపోవడం వల్ల. నెమ్మదిగా, ఆగకుండా తిప్పమని చెప్పి పక్కన కూర్చోండి. తేడా వాళ్లకే తెలుస్తుంది.

మీటప్ చివరి అరగంట: చిన్న పోటీ

ప్రతి మీటప్‌లో అయిదు సాల్వ్‌ల రౌండ్ ఒకటి పూర్తి నిబంధనలతో జరపండి. ఆడేవాళ్లు ఆడుతుంటే మిగతావాళ్లు జడ్జిలు. తర్వాత తారుమారు. సంఘం నిలబడేది ఈ అరగంట మీదే.

జడ్జి చేయాల్సింది ఇది. మూత కింద ఉన్న క్యూబ్‌ను టైమర్ ముందు పెట్టి, సిద్ధమేనా అని అడగాలి. అవునంటే మూత తీసి స్టాప్‌వాచ్ నొక్కాలి. చూసుకోవడానికి 15 సెకన్లు. 8 దగ్గర "8 సెకన్లు", 12 దగ్గర "12 సెకన్లు" అని వినిపించేలా చెప్పాలి. 15 దాటి 17 లోపు టైమర్ మొదలైతే +2, అంటే సమయానికి రెండు సెకన్లు కలుపుతారు. 17 కూడా దాటితే డీఎన్ఎఫ్, అంటే ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు. సాల్వ్ అయ్యాక క్యూబ్‌ను పూర్తిగా వదిలేసి, అరచేతులు కిందికి ఉంచి రెండు చేతులతో టైమర్ ఆపాలి. అప్పుడు జడ్జి క్యూబ్‌ను ముట్టుకోకుండా వంగి అన్ని వైపులా చూడాలి. ఏదైనా పొర 45 డిగ్రీలు దాటి పక్కకు తిరిగి ఉంటే +2. కార్డు మీద సమయం రాసి తను సంతకం చేసి, ఆడిన వ్యక్తితోనూ చేయించాలి.

కొత్త జడ్జిలు తడబడేది ఎక్కువగా ఇద్దరి చేతుల దగ్గరే. సంతోషం పట్టలేక ఆడిన వ్యక్తి క్యూబ్‌ను ఎత్తేస్తారు, లేదా సమయం రాయకముందే టైమర్ రీసెట్ నొక్కేస్తారు. రెండిటికీ డీఎన్ఎఫ్ పడొచ్చు. జడ్జి కూడా చూసే తొందరలో క్యూబ్‌ను చేతిలోకి తీసుకుంటే, అంతకుముందు పొర ఎంత పక్కకు ఉందో ఇక తేల్చలేం. ఇవి ఇంటి దగ్గర మీటప్‌లోనే జరిగి సరిదిద్దుకుంటే మేలు. స్నేహితుడే కదా అని +2 వదిలేసే అలవాటు మాత్రం చేయకండి. అలా వదిలేసినవాళ్లకు అధికారిక పోటీలో అది మొదటిసారి తగిలితే చాలా బాధ పడతారు.

సగటు లెక్క కూడా అందరికీ చేత్తో చేయడం రావాలి. 12.31, 11.80, 14.02, 10.95, డీఎన్ఎఫ్ వచ్చాయనుకోండి. అతి మంచిదైన 10.95, అతి చెడ్డదైన డీఎన్ఎఫ్ పోతాయి. మిగిలిన మూడింటి సగటు 12.71. రెండు డీఎన్ఎఫ్‌లు వస్తే సగటే ఉండదు.

స్క్రాంబుల్

తెలుపు పైన, ఆకుపచ్చ ముందు. పూర్తిగా సాల్వ్ అయిన క్యూబ్‌తోనే మొదలు. కాగితం మీద ఉన్న వరుస అయ్యాక పక్కనున్న బొమ్మతో కనిపించే ముఖాలన్నీ పోల్చాలి. తేడా వస్తే ఒకటి రెండు తిప్పులు వెనక్కి తిప్పి సర్దుబాటు చేయడానికి చూడకండి. మళ్లీ సాల్వ్ చేసి మొదటినుంచి తిప్పడమే త్వరగా తేలుతుంది. ఎక్కువగా జారిపోయేవి ప్రైమ్ గుర్తులు (ఎదురు దిశలో తిప్పమనే ' గుర్తులు). 4×4లో వెడల్పు తిప్పులను (రెండు పొరలు కలిపి తిప్పేవాటిని) మామూలు తిప్పులుగా చదవడం ఇంకో పొరపాటు. క్లాక్‌లో (చిన్న గడియారాల ముళ్లు తిప్పే పజిల్‌లో) స్క్రాంబుల్ సరిగా ఉన్నా రన్నర్ తీసుకెళ్లేటప్పుడు కదిలి చెడొచ్చు. దాన్ని జాగ్రత్తగా పట్టుకుని వెళ్లాలి. స్క్రాంబుల్ బల్లను ఆడేవాళ్లకు కనిపించని వైపు పెట్టండి.

గ్రూపుల లెక్క

48 మంది, 8 టైమర్లు. గ్రూపుకు 16 మంది చొప్పున మూడు గ్రూపులు చేస్తే టైమర్‌కు ఇద్దరు వస్తారు. ఒకరు సాల్వ్ చేస్తుండగా రెండోవారి క్యూబ్ స్క్రాంబుల్ అవుతుంది. టైమర్‌కు ఒక్కరే ఉంటే స్క్రాంబుల్ అయ్యేదాకా టైమర్ ఖాళీ. నలుగురు ఉంటే వేచిచూసి చూసి చేతులు చల్లబడతాయి.

ఒక 3×3 సాల్వ్‌కు రాకపోకలతో కలిపి నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు పడుతుంది. టైమర్‌కు పది సాల్వ్‌లు, అంటే గ్రూపుకు 15 నుంచి 20 నిమిషాలు. గ్రూపుల మధ్య అయిదేసి నిమిషాలు కలుపుకుంటే మొత్తం రౌండ్‌కు గంటా పది నిమిషాలు రాసుకోవడం నయం. ఎనిమిది టైమర్లు నడుస్తుంటే 11 నుంచి 15 సెకన్లకు ఒక క్యూబ్ కావాలి. ఒక మనిషి స్క్రాంబుల్ చేసి సరిచూసుకోవడానికి అర నిమిషం తీసుకుంటాడు కాబట్టి ముగ్గురు స్క్రాంబ్లర్లు. 8 మంది జడ్జిలు, 3 స్క్రాంబ్లర్లు, 2 రన్నర్లు, మొత్తం 13. ఆడని 32 మందిలోంచి వీళ్లు రావాలి. ఎవరెవరు ఏ గ్రూపులో ఏ పని చేయాలో ముందురోజే పేర్లతో జాబితా పంపండి. "ఖాళీగా ఉన్నవాళ్లు వచ్చి సాయం చేయండి" అని మైక్‌లో పిలిస్తే ప్రతిసారీ అదే ఆరుగురు వస్తారు. మధ్యాహ్నానికి వాళ్లు అలసిపోతారు.

తల్లిదండ్రులనూ వదలకండి. పావుగంట నేర్పితే చక్కగా జడ్జి చేస్తారు. పిల్లాడిని దింపి వెళ్లిపోయే నాన్న కంటే జడ్జి చేసిన నాన్న పిల్లాడిని మళ్లీ తీసుకొస్తాడు.

అధికారిక పోటీకి

2004లో మొదలైన వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ (డబ్ల్యూసీఏ) 17 ఈవెంట్లను గుర్తిస్తుంది. అధికారిక పోటీకి ఆ సంస్థ నియమించిన డెలిగేట్ ఉండాలి. హాలు మాట్లాడుకున్నాక కాకుండా మాట్లాడుకోకముందే డెలిగేట్‌ను సంప్రదించండి. తేదీ, చోటు, ఈవెంట్లు ఆయనతో లేదా ఆమెతో కలిసే నిర్ణయించాలి. స్క్రాంబుల్‌లు సంస్థ ఆమోదించిన ప్రోగ్రామ్ నుంచే రావాలి. అయిదు ప్రయత్నాల రౌండ్‌కు ఒక్కో గ్రూపుకి 5 స్క్రాంబుల్‌లు, అదనంగా 2 ఉంటాయి. నిబంధనలు అప్పుడప్పుడు సవరిస్తారు కాబట్టి పోటీకి వారం ముందు తాజా ప్రతిని జడ్జిలందరితో చదివించండి.

తొలి పోటీలో 17 ఈవెంట్లు పెట్టాలన్న ఉబలాటం వద్దు. 3×3, 2×2, పిరమిడ్ ఆకారంలో ఉండే పిరమింక్స్, మూలల మీద తిరిగే స్క్యూబ్ పెట్టండి. ఇవి త్వరగా అవుతాయి, కొత్తవాళ్లూ ఆడగలరు. అనుభవజ్ఞుల కోసం 4×4 ఒకటి చేర్చి కటాఫ్ పెట్టండి. మొదటి రెండు ప్రయత్నాల్లో 1:30 లోపు రానివాళ్లు అక్కడితో ఆగుతారు, సమయం అదుపులో ఉంటుంది. రౌండ్‌ల మధ్య కనీసం పావువంతు మంది తగ్గాలి. 99 మంది లేదా అంతకంటే తక్కువ ఉంటే ఒక ఈవెంట్‌కు గరిష్ఠంగా మూడు రౌండ్‌లే. 48 మందితో 3×3కి 48, 24, 12 అని పెట్టుకోవచ్చు.

తొలిసారి ఆడేవాళ్లు గుర్తింపు పత్రం తెచ్చుకోవాలని రెండుసార్లు గుర్తుచేయండి. పొద్దున్నే వాళ్లకు పది నిమిషాలు కేటాయించి ఒక సాల్వ్ మొత్తం చూపించండి. టైమర్ ఎలా పట్టుకోవాలి, సంతకం ఎక్కడ, పేరు పిలిచినప్పుడు క్యూబ్ ఎక్కడ ఇవ్వాలి అన్నవి అందులో రావాలి. క్యూబ్ పేలి ముక్కలు ఊడితే బిగించుకుని కొనసాగించొచ్చని, టైమర్ మాత్రం ఆగదని కూడా చెప్పండి. ఏదైనా అన్యాయం జరిగిందనిపిస్తే కార్డు మీద సంతకం పెట్టకముందే డెలిగేట్‌ను పిలవాలని నొక్కి చెప్పండి. సంతకం చేశాక వాదించడం కష్టం.

ఆలస్యం ఎక్కడ మొదలవుతుందంటే భోజన విరామం తర్వాత. మొదటి గ్రూపు క్యూబ్‌లు బల్ల మీద లేకుండానే సమయం మొదలైపోతుంది. విరామానికి వెళ్లేముందే ఆ గ్రూపు క్యూబ్‌లు తీసుకుని మూతల కింద పెట్టేసుకోండి. అలాగే ఫలితాలను రౌండ్ అయిపోయాక ఒకేసారి కాకుండా, కార్డు పూర్తవగానే ఎక్కించండి. మరో వ్యక్తితో సరిచూపించండి. 11.80 బదులు 18.10 అని పడిన పొరపాటు అప్పటికప్పుడే దొరుకుతుంది, తర్వాతి రౌండ్ జాబితా తప్పుగా బయటికి వెళ్లదు.

బహుమతులు ఇచ్చేటప్పుడు గెలిచినవాళ్లతో పాటు పూర్తిగా మొదటిసారి ఆడినవాళ్లనూ పిలిచి చప్పట్లు కొట్టించండి. ఫలితాలు వెలువడ్డాక వాళ్లకు డబ్ల్యూసీఏ ఐడీ వస్తుంది. పోటీ పడిన సంవత్సరం, ఇంటిపేరు అక్షరాలు, చివర రెండంకెలతో ఉండే ఆ ఐడీ ఎక్కడ చూడాలో అందరికీ తెలియదు. కాబట్టి పోటీ తర్వాతి మీటప్‌లో ఒక్కొక్కరి పేజీ తెరిచి చూపించండి, తర్వాతి పోటీకి ఎవరు స్క్రాంబ్లర్లో అప్పుడే పేర్లు రాసుకోండి.