క్రెడిట్ కోసం ఎన్‌పీటెల్ లెక్కల కోర్సు చేస్తున్నారా?

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో చదువుతూ కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వెబ్‌సైట్ అయిన స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులు) మ్యాథ్స్ కోర్సు చేద్దామనుకునేవాళ్లు ముందు మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి, క్రెడిట్లు కలుపుతామని కాగితం మీద రాయించుకోండి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. 12 వారాల కోర్సుకు సాధారణంగా 3 క్రెడిట్లు. చేరడం ఉచితమే గానీ పరీక్షకు విడిగా రిజిస్టరై ఫీజు కట్టాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకు 75 మార్కులు. వీడియోలు వీలున్నప్పుడు చూడొచ్చు, అసైన్‌మెంట్ గడువు మాత్రం ఆగదు. లీనియర్ ఆల్జీబ్రా లాంటివాటిలో సార్ చేసేలోపే వీడియో ఆపి, లెక్క మీరే నోట్‌బుక్‌లో వేయండి. ఊరికే చూస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది మరి! ఇచ్ఛాపురం, పలాస వైపు వాళ్లు ఉదయం పరీక్షకు రైలు ఏ టైముకి అందుతుందో చూసుకున్నాకే సెంటర్ ఎంచుకోండి.