ఒపెరా వినడం నేర్చుకుందాం – 4వ భాగం: పాట మళ్లీ మొదటికొచ్చినప్పుడు

పోయినసారి ఇచ్చిన పని చేశారా? హార్ప్సికార్డ్ (తీగలు మీటే పాతకాలపు పియానోలాంటి వాద్యం) మీద మాటల్లా సాగే రెసిటటీవ్ ఆగి, వయొలిన్లన్నీ ఒక్కసారిగా అందుకునే చోటు పట్టుకోమన్నాను. అది ఇంకా చెవికి పట్టకపోతే 3వ భాగం మళ్లీ చదవండి, తొందరేం లేదు.

ఈసారి ఏరియా, అంటే ఒపెరాలో ఒక్కరే పాడే పూర్తి పాట, లోపలికి వెళ్దాం. నమూనాకి మరియా అంటోనియా వాల్పుర్గిస్ ఒపెరా ‘తలెస్ట్రి’ తీసుకుందాం. ఈవిడ 1724లో మ్యూనిక్‌లో, బవేరియా ఏలిన ఇంట పుట్టింది. 1747లో సాక్సనీ యువరాజును పెళ్లాడి డ్రెస్డెన్ వెళ్లి పోర్పొరా, హస్సె అంతటి ఉద్దండ స్వరకర్తల దగ్గర నేర్చుకుంది. ‘తలెస్ట్రి’కి మాటా ఆవిడదే, పాటా ఆవిడదే, అంటే అచ్చంగా వాగ్గేయకారిణి. 1763లో డ్రెస్డెన్‌లో అమెజాన్ల (గ్రీకు కథల్లోని యోధ స్త్రీల) రాణి తలెస్ట్రి వేషం కట్టి పాడిందీ ఆవిడే.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. రాణి పాడే ఏదో ఒక ఏరియా పెట్టి, పాట ఎత్తుకున్న నిమిషం రాసుకోండి. ఆ మొదటి భాగాన్ని మామూలుగా రెండుసార్లు పాడతారు, మధ్యలో వాద్యాలు కాసేపు మోగుతాయి (నేను కొత్తలో అక్కడే పాట అయిపోయిందనుకుని ఆపేసేవాణ్ణి, అలా ఎన్ని పాటలు సగంలో వదిలేశానో!). తర్వాత రంగు మారుతుంది, వాద్యాలు తగ్గి, స్వరం కాస్త దిగులుగా వినిపిస్తుంది, అది రెండో భాగం, సాధారణంగా చిన్నదే. అది ముగిశాక ‘డ కాపో’, అంటే ‘మళ్లీ మొదటినుంచి’. మనం చరణం అయ్యాక పల్లవికి వచ్చినట్టే అనుకోండి.

అసలు వినాల్సింది ఇక్కడే. కాగితం మీద ఉన్నది పాత స్వరాలే, కానీ గాయని వాటినే అలా వదిలెయ్యదు, సంగతులు వేసినట్టు అల్లుతుంది. ఆ అల్లికలు చాలావరకు రాసి ఉండవు, పాడేవాళ్ల మనోధర్మం. ఇక్కడ రాసిందీ పాడిందీ ఒక్కరే కాబట్టి, ఎక్కడ ఖాళీ వదిలితే తన గొంతు ఆడుతుందో ఆవిడకి బాగా తెలుసు. చివర్లో వాద్యాలు ఆగి గొంతు ఒక్కటే మిగిలితే, అది కడెంజా.

ఇంటిపని: పాట మొదట్లో ఒకసారి, డ కాపోలో ఒకసారి మొదటి వాక్యం మాత్రమే విని, స్వరం మారిన మాట కింద గీత గీయండి. వచ్చే భాగంలో ఇదే కాగితంతో గుడి పాటల వైపు వెళ్దాం: సెయింట్ అగస్టీన్ మీద ఈవిడ మాటలు రాస్తే 1750లో హస్సె స్వరపరిచిన ఒరటోరియో, అంటే భక్తి కథని పాటలుగా పాడేది. అందులో వేషాలుండవు, డ కాపో మాత్రం ఉంటుంది.