కొత్త స్టాంపులు దాచాలా? దాస్తే ఎలా దాచాలి?

మా నరసాపురంలో అమ్మ లేసు అల్లేది. లేసు షావుకారుగారికి విదేశాల నుంచి ఉత్తరాలొచ్చేవి. అల్లిన సరుకు అప్పజెప్పడానికి అమ్మ వెళ్తే నేనూ వెంటబడి వెళ్లి, వాళ్లు పక్కన పడేసిన కవర్ల మూలలు కత్తిరించి తెచ్చుకునేదాన్ని. అలా పట్టుకుంది నాకీ స్టాంపుల పిచ్చి. కోనసీమలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ కనిపిస్తే అడిగేది ఒక్కటే: "టీచరుగారండీ, ఇప్పుడొచ్చే కొత్త స్టాంపులు కొని దాస్తే రేపేమైనా వస్తుందాండీ?"

డబ్బు సంగతి ముందే తేల్చేస్తాను. ఆశ పెట్టుకోకండి. 1948లో గాంధీగారి 10 రూపాయల స్టాంపు మీద 'సర్వీస్' అని అచ్చేసి గవర్నర్ జనరల్ వాడకానికి ఇచ్చినవి వందే. 2017లో వాటిలో నాలుగు కలిసి ఉన్న ముక్క 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఆ వార్త చదివి చాలామంది కొత్త స్టాంపులు షీట్లకు షీట్లు కొన్నారు. వందకీ లక్షలకీ పొంతనేముంది? ఇప్పటి స్మారక స్టాంపులు లక్షల్లో అచ్చవుతున్నాయి. పైగా కొన్నవాళ్లందరూ వాటిని బీరువాలో భద్రంగా పెడుతున్నారు. ముప్పై ఏళ్లు గడిచినా అన్నీ నిగనిగలాడుతూనే ఉంటాయి కాబట్టి కొనేవాడికి తొందరేమీ ఉండదు. స్టాంపుతోపాటు అమ్మే బ్రోచరులో ఎన్ని ముద్రించారో, ఏ ప్రెస్సులో ముద్రించారో వేస్తారు. డబ్బులు తీసేముందు ఆ అంకె ఒక్కటి చూడండి.

అయితే దండగేనా? కాదండి. కొత్త స్టాంపుల్లో నిజంగా దొరకనిది వేరే ఉంది. ఉత్తరం మీద ఎక్కి, ముద్ర వేయించుకుని, ఊరు దాటి వచ్చిన స్టాంపు. ఇప్పుడు స్పీడ్ పోస్టు కవరు కౌంటర్లో ఇస్తే కంప్యూటరు చీటీ అంటిస్తారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని కూడా స్పీడ్ పోస్టులో కలిపేశారు. పెళ్లి శుభలేఖలు సైతం ఫోన్లోనే వస్తున్నాయి. ఈ కాలపు స్మారక స్టాంపు, తేదీ స్పష్టంగా కనిపించే ముద్రతో, నిజమైన చిరునామాకి చేరిన కవరు మీద ఎంతమంది దగ్గర ఉంటుంది? అందుకే నేను చెప్పేది, కొత్త స్టాంపు కొనండి, కానీ దాన్ని ప్రయాణం చేయించి దాచండి.

ఈ బుద్ధి నాకు 1996 నవంబరు తుఫానుతో వచ్చింది. అప్పుడు అమలాపురం దగ్గర పల్లెలో అద్దెకుంటున్నాం. ఆ రాత్రి పెంకులు లేచిపోయి ఇల్లంతా వాన. ట్రంకుపెట్టెలో పెట్టిన వాడని స్టాంపులన్నీ వెనక జిగురుకి తడి తగిలి ఒక్క ముద్ద అయిపోయాయి. జీతంలోంచి మిగుల్చుకుని కొన్నవవి. కానీ వాడేసిన వాటికి జిగురు ఎప్పుడో పోయింది కదా, అందుకని ఎండబెడితే చాలావరకు దక్కాయి. వైద్య శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుగారి శతజయంతికి 1995లో వచ్చిన స్టాంపుని, ఆయన పుట్టిన భీమవరంలోనే కవరు మీద అంటించి నాకు నేనే పోస్టు చేసుకున్నాను. ఆ కవరు అంచులు చెమ్మ పట్టాయిగానీ ముద్ర చెక్కుచెదరలేదు.

ఇక పని మొదలెట్టేవాళ్ల కోసం. అన్నీ దాద్దామని బయల్దేరితే చేతులెత్తేస్తారు. ఒక దారి ఎంచుకోండి. నాది గోదారి మనుషులు: 1974 నాటి వీరేశలింగంగారు, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిది 1982, ఇందాక చెప్పిన సుబ్బారావుగారిది. మీది పక్షులు కావచ్చు, రైళ్లు కావచ్చు. కొత్తవాటికి హెడ్ పోస్టాఫీసులో అడగండి. హైదరాబాదు అబిడ్స్ జీపీవోలో అయితే ఫిలాటెలిక్ బ్యూరోనే ఉంది, అంటే స్టాంపులు సేకరించేవాళ్ల కోసం ప్రత్యేక విభాగం. 200 రూపాయలతో స్టాంపుల కోసం డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్తవి ఇంటికే పంపుతారు. స్టాంపు మీదున్న ధరకే వస్తాయి కాబట్టి బయట ఎక్కువ పెట్టి కొనక్కర్లేదు. రెండేసి తీసుకోండి, ఒకటి దాచడానికి, ఒకటి ప్రయాణానికి.

ప్రయాణానిది ఎలాగంటే, తెల్ల కవరు తీసుకుని కుడివైపు పైన అంచుకి కాస్త ఎడంగా అంటించండి. జిగురు మీద ఇంకో జిగురు రాయకండి. 20 గ్రాముల లోపు ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు చాలు. డబ్బాలో పడేయకుండా కౌంటరు దగ్గరికెళ్లి "ముద్ర స్పష్టంగా పడేలా వేయండి సార్" అని అడగండి. మా ఊళ్లో ఎప్పుడడిగినా సిరా సరిచూసి మరీ వేశారు. లోపల ఖాళీ కాగితం పెట్టకండి, ఏదైనా రాయండి. మనవరాలికి రాస్తే ఇంకా మంచిది.

మొత్తం కవరు దాచడం అన్నిటికన్నా మేలు. అలా కుదరనప్పుడు స్టాంపు చుట్టూ వేలెడంత కాగితం ఉంచి కత్తిరించి, చన్నీళ్లలో బొమ్మ ఉన్న వైపు కిందకి పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. దానంతట అదే ఊడి రావాలి, గోటితో గీకకూడదు. రంగు కవర్లను విడిగా నానబెట్టండి, లేకపోతే ఆ రంగు పక్కదానికి ఎక్కుతుంది. తర్వాత అద్దుడు కాగితం మీద ఆరబెట్టి లావుపాటి పుస్తకంలో నొక్కిపెట్టండి. అమెరికాలో ఉన్న మన పిల్లల నుంచి వచ్చే కవర్ల మీదవి స్టిక్కరు రకం, ఎంత నానబెట్టినా చాలావరకు రావు. వాటిని కాగితంతోనే ఉంచేయండి. 2011లో వచ్చిన గాంధీగారి ఖాదీ స్టాంపు గుడ్డ మీద అచ్చేసింది, దాన్నసలు నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి.

మన డెల్టాలో అసలు శత్రువు చెమ్మ. శ్రావణం నుంచి కార్తీకం దాకా గోడలే చెమరుస్తుంటాయి. ఆల్బమ్‌ని గోడకానించిన బీరువా అడుగున పడుకోబెడితే పై బరువుకి స్టాంపులు అతుక్కుంటాయి. పుస్తకాల్లా నిలబెట్టండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే గుళికల పొట్లాలు పక్కన పడేయండి. పొడి రోజు చూసి నెలకోసారి నీడలో పేజీలు తిప్పండి, ఎండలో పెడితే రంగు వెలుస్తుంది. సెల్లోటేపూ లామినేషనూ వద్దేవద్దు. లామినేషన్ చేసింది స్టాంపు కిందకి రాదు.

పిల్లలకు కొనిపెట్టే రంగురంగుల విదేశీ పొట్లాల విషయంలో ఒక జాగ్రత్త. అజ్మాన్, మనామా లాంటి గల్ఫ్ చిన్న ప్రాంతాల పేర్లతో 1960లు, 70ల్లో సేకరించేవాళ్ల కోసమే గుట్టలుగా అచ్చేశారు. మూలన పావు ముద్ర, వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటే అది ఏ ఉత్తరమూ ఎక్కలేదన్నమాట. బొమ్మలు చూసి మురిసిపోవడానికి ఫర్వాలేదు, అపురూపమని నమ్మి ఎక్కువ పెట్టకండి.

డబ్బు రూపంలో ఏదైనా వచ్చేది ఉందంటే అది బడిపిల్లలకే. తపాలా శాఖ 2017లో మొదలెట్టిన దీన్ దయాళ్ స్పర్శ్ యోజన కింద 6 నుంచి 9 తరగతుల పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల ఉపకారవేతనం ఉంది. బడిలో ఫిలాటెలీ క్లబ్బు ఉండాలి, లేదా పిల్ల పేరున డిపాజిట్ ఖాతా ఉండాలి. క్విజ్ రాయాలి, ఆపైన స్టాంపుల మీద ఒక ప్రాజెక్టు చేయాలి. మీ బడిలో క్లబ్బు లేకపోతే హెడ్మాస్టరుగారిని అడిగి పెట్టించండి.

చివరిగా, ప్రతి కవరు కిందా ఆల్బమ్ పేజీ మీద పెన్సిలుతో నాలుగు ముక్కలు రాయండి. స్టాంపు మీద మాత్రం వద్దు. సుబ్బారావుగారి కవరు కింద నేను రాసుకున్నది ఇదీ: "భీమవరంలో వేశాను. మూడో రోజు చేరింది. ముద్ర ఎడమవైపు కాస్త పలచన. లోపల అమ్మ చేత రాయించిన ఉత్తరం ఉంది."